పాల సంచి తలుపుకే ఉండిపోతే ఎవరు చూస్తారు?

ప్రశ్న: నమస్తే అండీ. నాకు 69 ఏళ్ళు. మురళీనగర్‌లో సొంత ఫ్లాట్, రెండో అంతస్తు. మావారు పోర్టులో రిటైరయ్యారు. పోయి పద్నాలుగు నెలలైంది. ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, డబ్బుకి ఇబ్బంది లేదు. బీపీ ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, మిగతా అంతా బాగానే ఉన్నాను. అబ్బాయి హైదరాబాద్‌లో, అమ్మాయి అమెరికాలో. ‘ఒక్కదానివీ అక్కడెందుకమ్మా, ఫ్లాట్ అమ్మేసి వచ్చెయ్’ అంటాడు అబ్బాయి. మంచి సీనియర్ హోమ్ ఏదైనా చూస్తానంటుంది అమ్మాయి. మొన్న కూకట్‌పల్లిలో అబ్బాయి దగ్గర మూడు వారాలున్నాను. కోడలు మంచిదే. కానీ పొద్దున్న తొమ్మిదికి ఇద్దరూ వెళ్ళిపోతే సాయంత్రం ఏడు దాకా నాతో మాట్లాడింది లిఫ్టు ఒక్కటే. ఇక్కడికొస్తే రాత్రిళ్ళు భయం. బ్యాంకు, కరెంటు బిల్లు, ఆసుపత్రి, అన్నీ మావారే చూసేవారు. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున మా గేటు ముందు బల్ల వేసి ఏటా మజ్జిగ పోసేవారు. ఈసారి నేను తలుపు కూడా తియ్యలేదు. నాలాంటిదానికి ఈ ఊళ్ళో ఏదైనా ఆసరా ఉందా? లేక పిల్లల మాట వినెయ్యమంటారా?
– ఒక పాఠకురాలు, మురళీనగర్, విశాఖపట్నం

సమాధానం:

అక్కగారూ,

నాకు 63, అందుకే ఈ పిలుపు. లిఫ్టు మాట చదివి ముందు నవ్వొచ్చింది. రెండోసారి చదివితే రాలేదు.

అడిగినదానికి సూటిగా చెప్తాను. ఫ్లాట్ ఇప్పుడప్పుడే అమ్మకండి. మనిషి పోయిన ఇంట్లో బంగారం, పొలం, ఇల్లు కదపాలంటే ‘కొన్నాళ్ళు ఆగండర్రా’ అనేవారు మా పెద్దవాళ్ళు. అప్పుడది చాదస్తం అనుకునేదాన్ని. ఇప్పుడు అందులో చాలా తెలివి కనిపిస్తోంది. అమ్మిన ఫ్లాట్ మళ్ళీ రాదు. హైదరాబాద్ ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది. అలాగని పిల్లల మాట కొట్టిపారెయ్యమనడం లేదు. వాళ్ళ భయం నిజమైనదే. ఆ భయానికి మీ దగ్గర సమాధానం ఉండాలి కదా, దాన్ని తయారుచేసుకోవడం గురించే ఈ ఉత్తరం.

ముందు రాత్రి సంగతి చూద్దాం. రాత్రి కుదుటపడితే పగలు దానంతటదే సర్దుకుంటుంది.

మా అత్తగారు అక్కయ్యపాలెంలో ఒక్కరే ఉండేవారు. మేము ఆటోలో పది నిమిషాల దూరం. మంచం పక్కన ఫోన్ పెట్టి, ఒక్క అంకె నొక్కితే నాకు వచ్చేలా సెట్ చేసిచ్చి, ఇక టెన్షన్ లేదనుకున్నాను. ఒక రాత్రి రెండింటికి ఆవిడ బాత్రూమ్‌లో జారిపడ్డారు. ఫోన్ మంచం దగ్గరే ఉండిపోయింది. బాత్రూమ్‌కి లోపల గడియ, వీధి తలుపుకి లోపల గడియ. ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా బాత్రూమ్ గడియ పెట్టుకోవడం ఆవిడకి చిన్నప్పటి అలవాటు. తెల్లవారి ఆరింటికి పాలబ్బాయి వచ్చి తలుపుకి వేలాడే సంచిలో ప్యాకెట్లు వేసి వెళ్ళిపోయాడు. ఏడుంబావుకి ఎదురింట్లో పనిచేసే అమ్మాయి మెట్లెక్కుతూ ఆ సంచి చూసింది. ‘ఈ టైముకి మామ్మగారు కాఫీ కూడా తాగేసుంటారు, పాలింకా ఇక్కడే ఉన్నాయేటి’ అని ఆగింది. ఆ అమ్మాయి ఆగకపోతే మాకు ఎప్పటికి తెలిసేదో.

తలుపు పగలగొట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ కౌంటర్‌లో ‘రోజూ ఏ మందులు వేసుకుంటారు?’ అని అడిగారు. పదేళ్ళుగా ఆవిడ మందులకి డబ్బులిస్తున్న కోడల్ని, ‘ఒకటి గులాబీ రంగుదండీ’ అన్నాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ తరవాత మేం చేసినవన్నీ చిన్న పనులే, మీరు ఈ వారంలోనే చేయించుకోవచ్చు. బాత్రూమ్ లోపలి గడియ పీకించి, బయట నుంచి కూడా తియ్యగలిగే తాళం వేయించాం. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకి స్టీల్ రాడ్లు బిగించాం. మామూలు ఇనుపవి మాత్రం కొనకండి. మన ఉప్పుగాలికి రెండేళ్ళలో తుప్పు పట్టి, పట్టుకున్న రోజునే ఊడి చేతికొస్తాయి. మంచం నుంచి బాత్రూమ్ దాకా దారిలో చిన్న నైట్ ల్యాంపులు పెట్టాం, కాళ్ళు తుడుచుకునే పట్టాలు తీసేశాం. చిన్న ఫోన్ ఒకటి కొని తాడు కట్టి మెడలో వేశాం. ‘నాకేటి గంట కట్టేరు, ఆవునా?’ అని ఆవిడ వారం రోజులు అలిగారు. తరవాత అది లేకుండా వంటింట్లోకి కూడా వెళ్ళలేదు.

పాల సంచి సంగతి నేను యాదృచ్ఛికానికి వదల్లేదు, దాన్నే నియమం చేశాం. ఏడున్నరకల్లా సంచి లోపలికి వెళ్ళకపోతే ఎదురింటివాళ్ళు బెల్ కొట్టాలి, పలక్కపోతే వాళ్ళ దగ్గరున్న తాళంచెవితో తెరవాలి. దానికోసం వీధి తలుపుకి కూడా లోపలి గడియ మానిపించి, రెండు వైపులా తెరిచే తాళం వేయించాం. మీ అంతస్తులో ఎన్ని ఇళ్ళున్నాయో రాయలేదు. నాలుగుంటే నాలుగిళ్ళవాళ్ళతో ఈ మాట అనుకోవాల్సిన పని లేదు. కాస్త నోరు, కాస్త బాధ్యత ఉన్న ఒక్కరు చాలు. అడగడానికి మొహమాటపడకండి. మీరు అడిగితే వాళ్ళ అత్తగారి విషయమో అమ్మ విషయమో వాళ్ళకి గుర్తొస్తుంది.

మీ అబ్బాయి కెమెరా పెట్టిస్తాననే ఉంటాడు. పెట్టించనివ్వండి, తప్పులేదు. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేదు, ఫోన్లు లేవు. అమెరికా, బెంగళూరు, హైదరాబాద్ పిల్లలందరూ టీవీలో మన ఊరిని చూసి ఏడవడం తప్ప ఏం చెయ్యలేకపోయారు. మా అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళ తలుపులు తట్టి మంచినీళ్ళు మోసింది వాచ్‌మన్ భార్య, కింద ఇస్త్రీ బండి అతను. అప్పటి నుంచీ నాకు ఒక లెక్క అలవాటైంది. ఎవరైనా ‘అమ్మ ఒక్కర్తే ఉంది’ అంటే, ఆవిడకి నడిచొచ్చే దూరంలో పేరుతో పిలిచేవాళ్ళు ఎందరున్నారని అడుగుతాను. మీరూ ఒక కాగితం మీద రాయండి. మందుల షాపు కుర్రాడు, ఇస్త్రీ అతను, కూరల బండి ఆవిడ, గుడి పూజారిగారు, రోజూ మాట్లాడించే ఆటో అతను. ఏడెనిమిది పేర్లొస్తే కూకట్‌పల్లిలో మూడు వారాల్లో దొరకనిది మీకు ఇక్కడ ఉన్నట్టే. రెండే వస్తే కంగారు పడకండి. మీవారున్నప్పుడు అన్నీ ఆయనే చూసేవారని రాశారు కదా, ఆ పేర్లన్నీ ఆయన ఖాతాలో ఉండిపోయి ఉంటాయి. ఆయన్ని తెలిసినవాళ్ళు మిమ్మల్ని తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

ఇంకో కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. పెద్ద అక్షరాలతో మీ పేరు, వయసు, వేసుకునే మందులు, పడని మందు ఏదైనా ఉంటే అది, ఎదురింటి నంబరు, అబ్బాయి నంబరు. దాని కింద మూడు నంబర్లు. అంబులెన్సుకి 108. పోలీసుకి, ఏ ఆపదకైనా 112. మూడోది చాలామందికి తెలియదు, 14567. దీన్ని ఎల్డర్‌లైన్ అంటారు. పెద్దవాళ్ళ కోసమే కేంద్ర ప్రభుత్వం పెట్టిన టోల్ ఫ్రీ నంబరు. పొద్దున్న 8 నుంచి రాత్రి 8 దాకా, ఆదివారాలు కూడా పనిచేస్తుంది. పెన్షన్ సమస్య, ఆస్తి గొడవ, ఎవరైనా పెద్దవాళ్ళు రోడ్డున పడి ఉంటే వాళ్ళకి ఆశ్రయం, లేదా ఊరికే మనసు బాగోలేక మాట్లాడాలనిపించినా సరే చెయ్యొచ్చు. అర్ధరాత్రి గుండెనొప్పికి మాత్రం దీన్ని నమ్ముకోకండి, అది 108 పని. ఏమీ అవసరం లేనప్పుడే ఒకసారి 14567కి చేసి చూడండి. అవసరం పడ్డ రోజున ఎవరెత్తుతారో, ఏం అడుగుతారో అన్న బెరుకు ఉండదు.

మీ వార్డు సచివాలయం ఎక్కడుందో తెలుసా? ఎక్కువమంది పెన్షనర్ల ఇళ్ళలో దాని సంగతి మగవాళ్ళకే తెలుస్తుంది. మన నగరపాలక సంస్థ జీవీఎంసీలో 98 వార్డులు, మీ ఇంటికి నడిచే దూరంలోనే సచివాలయం ఉంటుంది. కుళాయి, చెత్త, వీధి దీపం, ఇంటి పన్ను లాంటివాటికి ముందు అక్కడే అడగండి. మీకు కుటుంబ పెన్షన్ ఉంది కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పెన్షన్ రాదు. మీ ఇంట్లో పనిచేసే ఆవిడకో, వాళ్ళ అత్తగారికో 60 దాటి, అర్హత ఉండీ రాకపోతే మాత్రం దగ్గరుండి దరఖాస్తు పెట్టించండి. నెలకి 4,000 రూపాయలు వాళ్ళింట్లో చిన్న మొత్తం కాదు. ఇది మీ ప్రశ్నలో లేదు, అయినా ఎందుకు చెప్తున్నానంటే, సాయం చేసినవాళ్ళింటికి జనం మామూలుగానే వచ్చిపోతుంటారు.

సచివాలయంలోనే మీ పట్టణ ఆరోగ్య కేంద్రం ఎక్కడో చెప్తారు. అక్కడ బీపీ, షుగర్ చూసి మాత్రలు ఉచితంగా ఇస్తారు. ‘మాకు పోర్టు ఆసుపత్రి ఉంది కదా’ అంటారేమో. ఉంచుకోండి, పెద్ద వైద్యానికి అదే మంచిది. నెలకోసారి బీపీ చూపించుకోవడానికి అంత దూరం ఎందుకు? పైగా ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మకి (ఏఎన్ఎం) మీ ముఖం తెలిస్తే, వీధిలో ఎదురుపడినప్పుడు ‘అమ్మా, ఈ నెల రాలేదేం?’ అని అడుగుతుంది. మందు బిళ్ళ ఎంత పనిచేస్తుందో ఆ మాట కూడా కొంత పనిచేస్తుంది. వచ్చే ఏడాది మీకు 70 నిండుతాయి. 2024 అక్టోబరు చివర్లో కేంద్రం ఆయుష్మాన్ వయ వందన మొదలుపెట్టింది. ఆదాయంతో పనిలేకుండా 70 దాటినవాళ్ళకి ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం. వేరే ప్రభుత్వ వైద్య పథకంలో ఉన్నవాళ్ళు కొందరు రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. పోర్టు వైద్యం పోగొట్టుకోకూడదు కాబట్టి, కార్డు తీసుకునే ముందు పోర్టు ఆఫీసులో అడిగి తేల్చుకోండి.

కళ్ళు చూపించుకుని ఎన్నాళ్ళయింది? ఈ వయసులో పడిపోవడాల్లో సగం బాధ్యత కాళ్ళ మీద వేస్తాం, కళ్ళని ఎవరూ అనుమానించరు. శుక్లం ముదిరితే మెట్టు అంచు కనిపించదు. ఈ విషయంలో మన ఊరు అదృష్టవంతురాలు. హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, వేపగుంట దగ్గర శంకర్ ఫౌండేషన్ ఉంది. చెవులు కూడా చూపించుకోండి. వినపడక నలుగురిలో కూర్చోవడం మానేసినవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళకి పొగరనుకున్నారు జనం.

ఇక బ్యాంకు. నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ అంటే మీకిప్పటికే గుండె దడ ఉండి ఉంటుంది. క్యూలో నిలబడక్కర్లేదు. జీవన్ ప్రమాణ్ అని ఫోన్‌లోనే ముఖం చూపించి పంపే పద్ధతి ఉంది. అది చేతకాకపోతే పోస్టాఫీసులో చెప్తే పోస్ట్‌మన్ ఇంటికే వచ్చి, కొద్ది రుసుము తీసుకుని చేసిపెడతాడు. మీ పెన్షన్ ఇచ్చే ఆఫీసు దాన్ని తీసుకుంటుందో లేదో ఒక్కసారి కనుక్కోండి. 70 దాటినవాళ్ళకి ఇంటికే వచ్చి కొన్ని సేవలు చెయ్యాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి చెప్పింది, మీ బ్రాంచిలో అడగండి. అయితే నా సలహా, ఓపిక ఉన్నంతకాలం నెలకోసారైనా బ్యాంకుకి మీరే వెళ్ళండి. పాస్‌బుక్ ప్రింట్ చేయించుకోండి. ఆ కౌంటర్ అమ్మాయికి మీరు తెలిసి ఉండటం ఎందుకు ముఖ్యమో చెప్తాను. మా కాలనీలో ఒక పెద్దాయనకి ‘సీబీఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ ఆధార్ మీద కేసుంది, వీడియో కాల్ కట్ చెయ్యకూడదు’ అని ఫోన్ వచ్చింది. ఆయన వణికిపోతూ ఎఫ్‌డీ విరగ్గొట్టడానికి బ్యాంకుకి వెళ్ళారు. అక్కడున్నమ్మాయి ‘ఏమైంది అంకుల్, అలా ఉన్నారేం?’ అని అడగబట్టి డబ్బు మిగిలింది. ఏ పోలీసూ ఫోన్‌లో అరెస్టు చెయ్యడు. అలాంటి కాల్ వస్తే పెట్టేసి, ఎదురింటికి వెళ్ళి కూర్చోండి. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల నంబరు 1930కి చెయ్యండి.

ఇప్పుడు నాకిష్టమైన భాగానికి వస్తాను. మీ ఆధార్ కార్డు ఒకటి పర్సులో పెట్టుకోండి, బస్సెక్కండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బుల్లేవు. కండక్టర్ సున్నా టికెట్టు కొట్టి చేతికిస్తాడు. మా వదినగారు మొదటి రోజున దాన్ని మడిచి దేవుడి గదిలో పెట్టారు. ఆఫీసుల టైముల్లో ఎక్కకండి, తోపులాటలో మోకాళ్ళు పట్టేస్తాయి. పదిన్నర దాటాక వెళ్ళి మూడింటిలోపు తిరిగొచ్చేలా చూసుకోండి. ఫుట్‌బోర్డు ఎత్తుగా ఉంటుంది, ‘ఒక్క నిమిషం బాబూ’ అని గట్టిగా అనడం నేర్చుకోండి. డ్రైవర్లు ఆగుతారు, అడగాలంతే.

మొదటి రోజు ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్ళండి. పుస్తకాలు చదివే అలవాటు లేకపోయినా సరే. వారపత్రికలు తిరగెయ్యండి, ఎవరెవరు వస్తున్నారో చూడండి. అక్కడ సాహిత్య సభలు జరుగుతుంటాయి, వెనక వరసలో కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు. ఇంకో రోజు బీచ్ రోడ్డులో రామకృష్ణ మిషన్. ఆర్కే బీచ్‌కి ఆ పేరు రావడానికి కారణమే ఆ ఆశ్రమం అని మన పిల్లలకి తెలియదు. ప్రార్థన అయ్యాక అలా రోడ్డు దాటి సముద్రం ముందు సిమెంటు గట్టు మీద కూర్చోండి. ఎవరైనా పక్కన కూర్చుని ‘ఎక్కడి నుంచమ్మా?’ అని మాట కలిపితే, మురళీనగర్ అని చెప్పండి, కంగారు పడకండి. సంగీతం ఇష్టమైతే పిఠాపురం కాలనీలో కళాభారతి ఉంది. సాయంత్రం కచేరీలు కాబట్టి తిరిగి రావడానికి తోడు చూసుకుని వెళ్ళాలి. రోజూ నడవడానికి ఇంత దూరం రానక్కర్లేదు, మీకు మాధవధార కొండవైపు పొద్దున్న గాలే చాలు. నెలకోసారి మార్పు కావాలంటే పాత సెంట్రల్ జైలు స్థలంలో కట్టిన సెంట్రల్ పార్కు. జైలు ఉన్నచోట ఇప్పుడు మామ్మలు వాకింగ్ చేస్తున్నారంటే నాకు ఎందుకో సరదాగా ఉంటుంది.

మీ కాలనీలో సీనియర్ సిటిజన్ల సంఘం లాంటిది ఉండే ఉంటుంది, పోర్టు పెన్షనర్ల సంఘం సంగతి మీవారి డైరీలో దొరుకుతుంది. వెళ్ళండి, కానీ ఒక మాట ముందే చెప్తాను. మొదటిరోజు నిరాశ పడతారు. మగవాళ్ళు పేపర్లు చదువుతూ స్టీల్ ప్లాంట్ గురించి వాదించుకుంటుంటారు. ఆడవాళ్ళ కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఇంకొకావిణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళండి. ఇద్దరైతే అక్కడ మీకో మూల దొరుకుతుంది, నలుగురైతే ఆ మూలలో విష్ణు సహస్రనామమో, యోగా బ్యాచో, ఊరగాయ కబుర్లో మొదలవుతాయి. మా వీధిలో ముగ్గురితో మొదలైన లలితా పారాయణ ఇప్పుడు పద్దెనిమిది మంది. నిజం చెప్పాలంటే పారాయణ నలభై నిమిషాలు, తరవాత టీ గంటన్నర. ఎవరైనా రెండు శుక్రవారాలు రాకపోతే మూడోరోజున వాళ్ళింటి ముందు మేముంటాం.

ఇవన్నీ చదివి ‘నాకు గుమ్మం దాటాలనే లేదు’ అనిపిస్తే, అది బద్ధకం అనుకోకండి. పద్నాలుగు నెలలంటే ఎక్కువేమీ కాదు. అలా అని నిద్ర లేక, తిండి సయించక, ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కాక వారాలు గడుస్తుంటే దుఃఖం జబ్బుగా మారుతోందేమో డాక్టరుని అడగాలి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మన ఊళ్ళో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తితే ఇప్పటికీ ఎగతాళి చేస్తారు, నాకు ఒళ్ళు మండే విషయాల్లో అదొకటి. బీపీకి మందు వేసుకుంటే లేని నామోషీ దీనికెందుకు?

అమ్మాయి చెప్పిన సీనియర్ హోమ్ గురించి. అది అవమానం కాదు, ఆ మాట ముందే అనుకుందాం. ఒకప్పుడు దిక్కులేనివాళ్ళకోసం మాత్రమే ఉండేవి, డాబాగార్డెన్స్‌లో ప్రేమసమాజం లాంటివి ఎంతోమందికి నీడనిచ్చాయి. ఇప్పుడు డబ్బు కట్టి చేరేవి చాలా వచ్చాయి. కానీ మీకు ఈరోజున ఆ అవసరం కనపడటం లేదు. వంట చేసుకోలేనప్పుడు, ఒంటరిగా స్నానం చెయ్యలేనప్పుడు ఆలోచించండి. ఓపిక ఉండగానే మాత్రం రెండు మూడు చూసి పెట్టుకోండి, చెప్పకుండా మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్ళి. ఫోటోల్లో తోటలు చూపిస్తారు, మీరు బాత్రూమ్‌లు చూడండి. రాత్రి డ్యూటీలో ఎవరుంటారు, ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు, డిపాజిట్ ఎప్పుడు వెనక్కిస్తారు అన్నవి కాగితం మీద రాసివ్వమనండి. అక్కడ ఉంటున్నవాళ్ళతో మేనేజర్ లేకుండా పది నిమిషాలు మాట్లాడండి. మాట్లాడనివ్వకపోతే మీకు జవాబు దొరికినట్టే.

ఆస్తి విషయం కూడా అనెయ్యాలి. మీ పిల్లలు మంచివాళ్ళనే మీ ఉత్తరంలో కనిపిస్తోంది, ఇది వాళ్ళమీద అనుమానంతో కాదు. ఫ్లాట్ ఎవరి పేరునా గిఫ్ట్ డీడ్ రాయకండి. వీలునామా రాయండి. తెల్లకాగితం చాలు, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని చేయించుకుంటే మంచిది. మీరున్నంతకాలం ఇల్లు మీదే, మనసు మారితే వీలునామా మార్చుకోవచ్చు. ఎప్పుడైనా గిఫ్ట్ రాయాల్సే వస్తే, నన్ను చూసుకోవాలన్న షరతు అందులో ఉండి తీరాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. ఆ షరతు తప్పితే బదిలీని రద్దు చెయ్యమని ఆర్డీఓగారి ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. మీకు అక్కర్లేకపోయినా ఇది గుర్తుంచుకోండి. గుళ్ళోనో బస్సులోనో కళ్ళు తుడుచుకుంటూ ఎవరో ఒకావిడ తగులుతారు, ఆవిడకి చెప్పడానికి పనికొస్తుంది. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా లాయరుని ఇస్తారు, ఫోన్ నంబరు 15100.

ఇక పిల్లలతో ఏం చెప్పాలి? ‘నేను రాను’ అనకండి. ఆ మాటకి వాళ్ళ దగ్గర పది జవాబులుంటాయి. బాత్రూమ్ రాడ్లు, ఫ్రిజ్ మీద కాగితం ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టండి. ఎదురింటావిడ నంబరు అబ్బాయికి, అబ్బాయి నంబరు ఆవిడకి ఇవ్వండి, ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడించండి. అసలు పేచీ అక్కడే సగం తగ్గుతుంది. ఆ తరవాత, ఏయే పరిస్థితి వస్తే మీరే సామాను సర్దుకుంటారో వాళ్ళకి మీ నోటితో చెప్పండి. రెండుసార్లు పడిపోతే, గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోవడం మొదలైతే, మెట్లు దిగలేకపోతే, ఇలా. వాళ్ళు గీసిన గీత కంటే మీరు గీసిన గీతని మీరు ఎక్కువ గౌరవిస్తారు. ఏడాదికి రెండు నెలలు హైదరాబాద్ వెళ్ళి ఉండండి, మన ఉక్కపోత భరించలేని మే నెలలో అయితే మరీ మంచిది. ఈసారి వెళ్ళినప్పుడు ఫ్లాట్‌లోనే కూర్చోకుండా, ఆ అపార్ట్‌మెంట్లో సాయంత్రం పూట మామ్మలు ఎక్కడ చేరతారో కోడలి చేత కనుక్కోమనండి. అంత పెద్ద అపార్ట్‌మెంట్లో ఎక్కడో ఒకచోట చేరుతూనే ఉంటారు.

ఆషాఢ శుద్ధ చతుర్దశి మధ్యాహ్నానికి సింహాచలం కొండ మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం గిరి ప్రదక్షిణకి బయల్దేరతారు. 32 కిలోమీటర్లు. మా బ్యాచ్‌లో నాతో కలిపి ఆరుగురం పూర్తిగా నడవలేక సీతమ్మధార నుంచి కలుస్తాం. మురళీనగర్ చేరేసరికి రాత్రి పది దాటుతుంది, కాళ్ళు మాట వినవు. మీవారి బల్ల అటక మీదో మెట్లకిందో ఉండే ఉంటుంది, వాచ్‌మన్‌ని అడిగి దించండి. ఎదురింటావిణ్ణి గ్లాసులు కడగమనండి. నా గ్లాసులో అల్లం కాస్త తక్కువ వెయ్యండి, రాత్రిపూట మంట పుడుతుంది.